మెడ ఇచ్చిన డోలు

మొరిగే కుక్క కరవదు, కరిచే కుక్క మొరగదు అంటారు. ఆ మాట మొదట అన్నవాడెవడో గాని, వాడి వాకిట్లో రెండు కుక్కలు ఉండి ఉంటాయి. ఒక్కదాన్నే పెంచుకున్నవాడికి అంత తేడా తెలిసే వీల్లేదు.

నూకరత్నం గారి జామతోటలో కూడా రెండున్నాయి. కాలవ గట్టుకి ఆనుకుని ఆ తోట, తోట మధ్యలో నాటుకోళ్ళ షెడ్డు, షెడ్డు పక్కన రేకుల పాక. పాకలో ఒక ముసలెద్దు. ఇక పిల్లి సంగతంటారా, దాని చోటంటూ ఏదీ లేదు, అన్నిచోట్లా అదే ఉంటుంది.

కుక్కల్లో చిన్నది సన్నాయి. ఆడది, మూరెడు ఒళ్ళు. గొంతు మాత్రం పెళ్ళివారి మేళంలా పొలిమేర దాకా వినపడుతుంది. ఎండుటాకు రాలినా మొరుగుతుంది, రాలకపోతే ఎందుకు రాలలేదని మొరుగుతుంది. కరవడం మాత్రం దానివల్ల కాదు. పెద్దవాడు డోలు. దూడంత కుక్క. మొరగడం పరువు తక్కువ పని అనుకుంటాడు. అన్నం తిని గడ్డివాము వెనక పడుకున్నాడంటే పిడుగు పడ్డా లేవడు. అయితే సన్నాయి గొంతు పైకి లేచిందా, ఆ నిద్రలోంచే లేచి పరిగెత్తి, వచ్చినవాడి పిక్క పట్టుకున్నాక గాని పూర్తిగా కళ్ళు తెరవడు. ఇలా ఆవిడ నోరు, ఈయన పళ్ళు కలిసి ఆ తోటని కాపు కాస్తుండేవి.

ఈ ఏర్పాటు వల్ల అందరికన్నా నష్టపోయినవాడు నక్క. గట్టు అవతల ముళ్ళపొదల్లో వాడి కాపురం. గాలి ఇటు తిరిగితే చాలు కోళ్ళ వాసన ముక్కుకి తగులుతుంది, నోటికి అందదు. తొడ మీద డోలు పంటిగాట్లు మానడం, మళ్ళీ పడడం, ఇదే వాడి బతుకైపోయింది.

అలాంటి రోజుల్లో సన్నాయికి జ్వరం వచ్చింది.

వానలు వెలిసి ఎండ కాయగానే తోటంతా పిడుదులు పట్టాయి. నూకరత్నం గారు కూర్చుని రెండు కుక్కలకీ ఏరారు గాని, సన్నాయి చెవుల మడతల్లో దాక్కున్నవి కంటపడలేదు. అవి తాగినంత తాగి, పోతూ పోతూ జ్వరం అంటించి పోయాయి. మొదట అది తిండి మానేసింది. తర్వాత మొరగడం మానేసింది. షెడ్డులో కోళ్ళు 'హమ్మయ్య, ఇన్నాళ్ళకి కాస్త కునుకు పడుతుంది' అనుకున్నాయి. తీరా చూస్తే వాటికే నిద్ర పట్టలేదు. కాపలా గొంతు ఆగిపోతే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది?

నూకరత్నం గారు దాన్ని ఆటోలో పట్నం పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళి, పొద్దువాలే వేళకి వెనక్కి తీసుకొచ్చారు. ఆవిడ అక్కగారితో ఫోన్లో మాట్లాడుతుంటే పిల్లి గుమ్మంలోనే కూర్చుని అంతా వింది. విన్నది కడుపులో దాచుకోవడం దాని ఇంటావంటా లేదు. తిన్నగా పాకలోకి వచ్చి సభ పెట్టింది.

"సన్నాయి ఒంట్లో రక్తం అయిపోయిందంట. దాని చిగుళ్ళు చూడండి, సున్నం కొట్టినట్టు లేవూ? మందులిచ్చారంట గాని, అవి పనిచేసేదాకా ముందు ప్రాణం నిలబడాలి గదా. రేపు ఇంకో కుక్క రక్తం తీసి దీనికి ఎక్కించాలంట. రేపు దాటితే లాభం లేదందంట డాక్టరమ్మ."

ఎద్దు నెమరు ఆపింది. "కుక్క రక్తమే కావాలా?"

"మరి ఎద్దు రక్తం ఎక్కిస్తారా తాతా?"

"పనికొస్తే ఇద్దామని అడిగాలే. నా ఒంట్లో చాలానే ఉంది."

పిల్లి ఎద్దు కాళ్ళ దగ్గరికి జరిగి కూర్చుంది. తర్వాత మెల్లిగా చెప్పింది. "పనికిరాదు తాతా. ఎవరి జాతిది వాళ్ళకే. మా పిల్లుల్లో అయితే ఇంకా పట్టింపు. మా వాళ్ళదే అయినా గ్రూపు తేడా వచ్చిందంటే ఎక్కిన కాసేపటికే ప్రాణం మీదికొస్తది. నిరుడు నేను మేడ మీంచి పడ్డప్పుడు నాకు ఎక్కించారు గాబట్టి తెలుసు. నాకిచ్చింది పట్నంలో ఒక ప్లీడరు గారి పిల్లి."

"అదన్నమాట. అప్పట్నించే నీకు వాదన ఎక్కువైంది పిన్నీ," అంది షెడ్డులోంచి పుంజు.

పిల్లి దాన్ని పట్టించుకోలేదు. "కుక్క పెద్దదై ఉండాలంట. రోగం ఉండకూడదు, ముసలిదై ఉండకూడదు, గొడవ చెయ్యకుండా పడుకోవాలి. ఈ చుట్టుపక్కల అలాంటి కుక్క ఎవరో నేను చెప్పాలా?"

అందరూ డోలు వైపు తిరిగారు. డోలు తడుముకోలేదు. "ఎంత కావాలో తీసుకోమను. అది మొరగని ఇంట్లో నాకు నిద్ర కూడా సరిగ్గా పట్టట్లేదు."

"అంతేనయ్యా, మంచోడివి. సూది కూడా పెద్ద నొప్పేం కాదు. పక్కకి పడుకోబెట్టి, మెడ దగ్గర బొచ్చు గొరిగి, మెడ ఇలా సాగదీసి..."

డోలు చెవులు వెనక్కి పోయాయి. "మెడా?"

"మెడే."

"కాల్లోంచి తీసుకోమను."

"సంచి నిండాలంటే కాలి నరం చాలదంట. మెడలోదే కావాలి."

"అయితే చూద్దాం," అని డోలు లేచి గడ్డివాము వెనక్కి వెళ్ళిపోయాడు. చూద్దాం అన్న మాటని మనుషులు కనిపెట్టారో కుక్కలు కనిపెట్టాయో తెలియదు గాని, దాని అర్థం మాత్రం రెండుచోట్లా ఒకటే.

డోలుని తొందరపడి తిట్టుకోకండి. కుక్కల లోకంలో తరతరాలుగా ఒక చట్టం ఉంది. తగువులో ఓడినవాడు పక్కకి పడిపోయి, గెలిచినవాడి ముందు మెడ చాపాలి. దాన్ని మెడ ఇవ్వడం అంటారు. ఇచ్చినవాణ్ణి ఆపైన కరవకూడదు. కాని ఆ క్షణం నుంచి వాడి వీధి, వాడి హద్దు, వాడి తిండి గిన్నె అన్నీ గెలిచినవాడివే. డోలుకి తగువుల్లో చెవి చిరిగింది, తొడ చీలింది, ఒక పన్ను కూడా పోయింది. మెడ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. వంతెన దగ్గరుండే కుక్కల గుంపుకి పెద్ద అయిన ఎర్రోడు ఎన్నేళ్ళుగానో ఈ తోట మీద కన్నేసి, ఆ మెడ కోసమే కాచుక్కూర్చున్నాడు. ప్రాణం ఇమ్మంటే ఇచ్చే కుక్కలు చాలా ఉంటాయి. మెడ ఇమ్మంటేనే వాటికి కాళ్ళు ఆడవు.

సభ జరిగినంతసేపూ కంచె అవతల నక్క చెవులు రిక్కించే ఉన్నాడు. వాడి లెక్క చాలా తేలిక. సన్నాయి పోతే మొరిగే నోరు ఉండదు. మొరిగే నోరు లేకపోతే డోలు నిద్ర లేవడు. డోలు నిద్ర లేవకపోతే షెడ్డంతా తనదే. కాబట్టి డోలు ఆస్పత్రికి పోకూడదు. మసక చీకట్లో కంచెకి అవతలే నిలబడి, చావు పరామర్శకి వచ్చినవాడిలా మొహం పెట్టి పిలిచాడు.

"డోలు బావగారూ, ఓసారి ఇలా వస్తారా ఆయ్."

"నీకేం పని ఇక్కడ?"

"పనేముందండి. సన్నాయమ్మ సంగతి విని మనసాగక వచ్చాను. ఎంతైనా రోజూ పలకరించే గొంతు కదండీ." నక్క గొంతు తగ్గించాడు. "మీ మెడ అడిగారంట గదా. చిన్నవాణ్ణి, చెప్పకూడదు గాని, ఒక్కటి ఆలోచించారా? బొచ్చు గొరుగుతారు. ఆ మచ్చ నెల్లాళ్ళు కనపడుద్ది. గట్టు మీద పోయే ప్రతి కుక్కా చూస్తది. సూది గుచ్చారా, పళ్ళు దిగాయా అని ఎవడడుగుతాడండి? డోలు మెడ ఇచ్చాడంట అంటారు. ఎర్రోడికి ఆ ఒక్క ముక్క చాలదూ?"

అదే డోలు మనసులో ఉన్న మాట కావడం వల్ల, ఎవడి నోట వస్తుందో చూసుకోవడం మర్చిపోయాడు.

"అలాగని కాదనక్కర్లేదండి. మంచితనం పోకూడదు. పొద్దున ఆటో ఎక్కించడానికి అమ్మగారు వచ్చినప్పుడు ఒక్కసారి పళ్ళు చూపించండి, చాలు. గుర్రుమనే కుక్కని ఆస్పత్రోళ్ళు ముట్టుకోరు. మీరు కాదన్నట్టూ ఉండదు, మెడ ఇచ్చినట్టూ ఉండదు ఆయ్."

తెల్లారాక నూకరత్నం గారు గొలుసు పట్టుకుని వచ్చి "రా నాన్నా డోలూ, చెల్లి కోసం పోదాం" అని తల మీద చెయ్యి వెయ్యబోయారు. డోలు పై పెదవి ఎత్తి గుర్రుమన్నాడు. కళ్ళు తెరిచీ తెరవని కూనగా ఉన్నప్పుడు ఆవిడ దూదితో పాలు పట్టి పెంచిన కుక్క. ఆవిడ మీద పళ్ళు చూపించడం అదే మొదటిసారి. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"నువ్వు కూడానా రా," అన్నారావిడ. తిట్టలేదు, కర్ర తియ్యలేదు. కొంగుతో కళ్ళొత్తుకుని, ఊళ్ళో ఇంకెవరిదైనా పెద్ద కుక్క దొరుకుతుందేమో అడగడానికి బయల్దేరారు. సన్నాయిని జామచెట్టు నీడన గోనెపట్టా మీద పడుకోబెట్టి వెళ్ళారు. దాని డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

డోలు గడ్డివాము వెనక్కి పోయి పడుకున్నాడు. ఎంత పొర్లినా నిద్ర రాలేదు. ఎద్దు అక్కడికే మెల్లిగా నడిచి వచ్చింది.

"ఒరే, నా మెడ చూశావా ఎప్పుడైనా?"

"చూడకేం తాతా."

"ఇది కాడి కాసిన కాయ. పళ్ళూడేదాకా రోజూ మెడ వంచాను. నేను ఎవడికి ఓడిపోయానో చెప్పు."

"నీది ఎద్దు మెడ తాతా. మా చట్టం వేరు."

"చట్టం చేసుకుంది కుక్కలే గదా. చచ్చిపోతుందీ కుక్కే గదా." ఎద్దు ఇంకేమీ అనకుండా నీడకి వెళ్ళిపోయింది. పెద్దలు చెప్పిన మంచి మాట వెంటనే పనిచేసిన సందర్భం నేనైతే ఇంతవరకు చూడలేదు. డోలు మీద కూడా అది పనిచెయ్యలేదు.

కంచె అవతల నక్క ఆగలేకపోయాడు. ఇంటావిడ ఊళ్ళోకి పోయింది, డోలు మూల పట్టాడు, సన్నాయి లేవలేదు. ఇంతకంటే మంచి సమయం ఏముంటుందనుకుని, పట్టపగలే కంచె దూరి, చుట్టపుచూపుగా వచ్చినవాడిలా షెడ్డు వైపు నడిచాడు. అన్నేళ్ళలో వాడు ఆ తోటలో పరిగెత్తకుండా నడవడం అదే మొదలు.

గడ్డివాము వెనక డోలుకి నక్క కనపడలేదు. సన్నాయి కనపడింది. అది తల ఎత్తింది. చెవులు నిలబెట్టింది. నోరు తెరిచింది. గొంతు రాలేదు. మళ్ళీ తెరిచింది. మెడ నరాలు బిగుసుకున్నాయి గాని చిన్న గాలి తప్ప ఏమీ బయటికి రాలేదు. లేవబోయి ముందుకాళ్ళ మీద కూలబడింది. అయినా ఆగకుండా, కడుపు నేలకి రాసుకుంటూ షెడ్డు వైపు పాకడం మొదలెట్టింది.

"ఎందుకే తల్లీ ఆయాసం," అన్నాడు నక్క దానికేసి చూసి నవ్వుతూ. "నీ పని అయిపోయింది. మీ అన్నయ్య పరువు కాపాడుకునే పనిలో ఉన్నాడు. ఆస్పత్రికి పోకుండా చేసింది నేనే. నువ్వెళ్ళిపోయాక కోళ్ళ సంగతి నేను చూసుకుంటాలే."

తర్వాత జరిగింది నక్కకి కూడా సరిగ్గా తెలియదు. గడ్డివాము కదిలి మీద పడ్డట్టయింది, అంతే. పడుతూ లేస్తూ కంచె దాటి, కాలవ గట్టెక్కి, వెనక్కి చూసుకోకుండా పరిగెత్తాడు.

డోలు వెంటపడలేదు. వెనక్కి తిరిగి సన్నాయి దగ్గరికి వచ్చాడు. అది దుమ్ములో మొహం ఆనించి ఉంది. ముందు సన్నాయే మాట్లాడింది.

"ఏమనుకోకు అన్నా. గొంతు రాలేదు. లేపోతే ఎప్పుడో లేపేదాన్ని నిన్ను."

డోలు దాని మొహం మీది దుమ్ము నాకాడు. తను ఒంటి నిండా రక్తం పెట్టుకుని దాక్కున్నాడు. ఇది ప్రాణం పోతూ కూడా తన కాపలా తప్పిందని బాధపడుతోంది. సిగ్గంటే ఏమిటో వాడికి అప్పుడు తెలిసింది. మెడ చూపించడంలో ఉంటుందనుకున్నాడు గాని, అది వేరేచోట ఉంది.

నూకరత్నం గారు ఉత్తచేతులతో తిరిగొచ్చారు. ఒకరి కుక్క ఒళ్ళో పట్టేంత చిన్నది, ఇంకొకరు తమది ఖరీదైన కుక్క, ఇవ్వలేం అన్నారు. ఆవిడ గేటు తీసి లోపలికి అడుగు పెట్టగానే డోలు వాకిలి నడిమధ్యకి వెళ్ళాడు. పక్కకి పడుకున్నాడు. తల వెనక్కి వాల్చి, మెడంతా ఆవిడ కాళ్ళ ముందు చాపాడు. ఆవిడకి ఆ భాష తెలియదు. సన్నాయికి తెలుసు.

"లే అన్నా," అంది అది ఉన్న ఓపికంతా కూడదీసుకుని. "అలా పడుకోకు. గట్టు మీంచి ఎవరైనా చూస్తారు."

"చూడనీ," అన్నాడు డోలు.

నూకరత్నం గారు భయపడుతూనే చెయ్యి చాపారు. డోలు ఆ చెయ్యి నాకాడు. ఆవిడ ఇక ఆలోచించలేదు. సన్నాయిని ఒళ్ళో వేసుకుని, డోలుని పక్కన కూర్చోబెట్టుకుని, ఆటోవాణ్ణి తొందరపెట్టారు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ డోలుని తూకం పళ్ళెం మీద నిలబెట్టి, ఒళ్ళంతా తడిమి చూసింది. ఇద్దరి రక్తం చుక్కలు అద్దం ముక్క మీద కలిపి, కళ్ళద్దాలు పైకెత్తుకుని పరీక్షించింది. ఆ కాసేపూ డోలు ఆవిడ మొహంలోకే చూస్తూ ఉన్నాడు. ఇన్ని గొడవలు పడి తీరా తనది పనికిరాదంటే ఏం చెయ్యాలి? "సరిపోయింది," అంది డాక్టరమ్మ. తగువుల్లో గెలిచినప్పుడు కూడా వాడి తోక అంత జోరుగా ఊగలేదు.

బల్ల మీద పడుకోబెట్టి మెడ పక్కన బొచ్చు గొరిగారు. గాలి నేరుగా చర్మానికి తగిలితే డోలు ఒళ్ళు ఝల్లుమంది. కళ్ళు మూసుకున్నాడు. ఇక పళ్ళు దిగుతాయనే కుక్కబుద్ధి చెప్పింది. దిగింది సూదే. ఆ పైన ఒక చెయ్యి వచ్చి చెవుల మధ్య నిమురుతూ ఉండిపోయింది. పక్కన రక్తం గడ్డకట్టకుండా చిన్న పళ్ళెం ఉయ్యాలలా ఊగుతుంటే, అందులో ఎర్రటి సంచి నెమ్మదిగా నిండింది. ఓడిపోయినవాణ్ణి ఎవరూ అంతసేపు నిమరరని డోలుకి తెలుసు.

ఆ సంచినే తర్వాత సన్నాయి పక్కన కొక్కేనికి వేలాడదీశారు. చుక్క తర్వాత చుక్క దాని కాల్లోకి దిగుతుంటే డోలు అదే బల్ల కింద పడుకున్నాడు. ఉడకబెట్టిన గుడ్లు పెట్టినా ముందు పైకి చూసి, తర్వాతే తిన్నాడు. డాక్టరమ్మ పొద్దువాలాక సన్నాయి పెదవి ఎత్తి నూకరత్నం గారికి చూపించింది. చిగుళ్ళు ఎర్రజామపండు లోపలి రంగుకి తిరిగాయి. అప్పుడే మందులు తీసుకుని కాంపౌండరు తలుపు తోసుకొచ్చాడు. సన్నాయి తల ఎత్తి, వాడికేసి కీచుమని ఒక్క అరుపు అరిచింది. బల్ల కింద డోలు నిద్రలోంచే లేచి నిలబడ్డాడు.

ఒక రాత్రి అక్కడే ఉంచి, మర్నాడు ఇద్దర్నీ ఇంటికి పంపారు. కోళ్ళకి ఇక మాటలకి కొదవ లేదు. డోలు రక్తం ఎక్కింది కాబట్టి సన్నాయి రేపట్నించి కరుస్తుందని ఒక పెట్ట, పోయిన రక్తానికి బదులు డోలు మొరగడం మొదలెడతాడని ఇంకో పెట్ట పందెం వేసుకున్నాయి.

నక్క మాత్రం ఊరుకోలేదు. తిన్నగా వంతెన దగ్గరికి వెళ్ళి ఎర్రోడి గుంపు ముందు వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. "మీ చెవిన వెయ్యకపోతే తప్పవుద్దని వచ్చానండి. డోలు మెడ ఇచ్చేశాడు. గొరిగిన గుర్తు ఈ కళ్ళతో చూశాను ఆయ్. చట్టప్రకారం ఆ తోట మీదే. మీరంతా కలిసి ముందు గేటు నించి వెళ్ళండి. వెనక కంచె సంగతి నేను చూసుకుంటాను."

"ఎవడికిచ్చాడు?" అన్నాడు ఎర్రోడు.

"ఎవరికైతే ఏంటండి, ఇచ్చాడా లేదా అన్నదే గదా."

దీపాలు పెట్టే వేళకి గుంపంతా గేటు ముందు నిలబడింది. డోలు ఒక్కడే ఎదురెళ్ళాడు. గేటు కమ్మీల మధ్య నుంచి రెండు మూతులూ దగ్గరయ్యాయి.

"మెడ చూపించు," అన్నాడు ఎర్రోడు.

డోలు చూపించాడు. ఎర్రోడు గొరిగినచోట చాలాసేపు వాసన చూశాడు. "గాటు లేదు. పంటి వాసన లేదు. నిన్ను పడగొట్టింది ఎవడు?"

"ఎవడూ పడగొట్టలేదు. నేనే పడుకున్నా."

"ఎందుకు?"

"సన్నాయికి పిడుదుల జ్వరం. రక్తం లేక పోతది అన్నారు. నాది తీసి దానికి పోశారు. బతికింది."

గుంపులో ఒక కుర్రకుక్క నవ్వింది. "ఇచ్చింది ఇచ్చినట్టే గదా పెద్దాయనా. తోట మనదే."

"నోర్ముయ్," అన్నాడు ఎర్రోడు. తర్వాత డోలుతో మాత్రమే మాట్లాడుతున్నట్టు గొంతు దించాడు. "మా ఇంటిది పోయింది ఈ వానల్లోనే. ఇలాగే, చిగుళ్ళు తెల్లబడి. వంతెన కింద, నా పక్కనే. నా ఒంట్లో ఇంత రక్తం ఉంది. ఇలా ఇవ్వొచ్చని నాకు తెలీదు డోలూ. నాకెవరూ చెప్పలా."

డోలు మూతి ముందుకి చాపి కమ్మీల మధ్య నుంచి ఎర్రోడి మొహానికి ఆనించాడు. తగువు పెట్టుకోవడానికి వచ్చిన కుక్కలన్నీ కిందకి చూస్తూ నిలబడ్డాయి.

సరిగ్గా అప్పుడే పాక వైపునుంచి సన్నాయి మొరిగింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, కాళ్ళు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. అయినా అది మొరుగుడే. నక్క అప్పటికే షెడ్డు తలుపు గడియ మీద మూతి పెట్టి ఉన్నాడు. ఇల్లలకగానే పండగ కాదని వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

డోలు అటు పరిగెత్తాడు. వాడి వెనకే ఎర్రోడు, ఎర్రోడి వెనక గుంపంతా గేటు కింద సందులోంచి దూరి వచ్చింది. నక్క తల తిప్పి చూసేసరికి ఎటు చూసినా కుక్కలే.

"ఇదేంటండీ," అన్నాడు షెడ్డు తలుపుకి అతుక్కుపోయి. "మీరు గేటు దగ్గర తగువులో ఉండాలి గదా ఆయ్."

"పిలిచింది నువ్వే గదా, వచ్చాం," అన్నాడు ఎర్రోడు.

ఆ పైన తోటలో లేచిన దుమ్ములో ఎవరు ఎవరిని కరిచారో చెప్పడం కష్టం గాని, అన్నిసార్లూ అరిచింది మాత్రం నక్కే. తోక చివరి బొచ్చు ఎర్రోడి నోట్లో వదిలేసి, కాలవలోకి దూకి, గుర్రపుడెక్క ఆకుల్లో మునుగుతూ తేలుతూ అవతలి గట్టెక్కాడు. అక్కడా నిలబడలేదు. ఇప్పుడు ఆ తోటలో సన్నాయి మొరిగితే వంతెన దగ్గర అందుకుంటారు, వంతెన దగ్గర మొరిగితే కాలవ లాకుల దగ్గర అందుకుంటారు. తనకున్న ఒక్క శత్రువుని గట్టు పొడుగునా గుంపుగా చేసుకుని, ఆ నక్క ఇవాళ్టికీ దూరపు చెరుకుతోటల్లో పీతలు ఏరుకు తింటున్నాడు.

వంతెన కుక్కలు ఆ సాయంత్రం వెళ్ళిపోయేటప్పుడు ఎర్రోడు గేటు దగ్గర వెనకబడ్డాడు.

"ఆ ఆస్పత్రి ఎటేపు?" అని అడిగాడు.

"ఎందుకు? ఎవరికైనా బాగోలేదా?"

"ఇప్పుడైతే అందరూ బానే ఉన్నారు," అని వాడు ఒకసారి తన గుంపుకేసి చూసుకున్నాడు. "దారి తెలిసుంటే మంచిది."

డోలు వాణ్ణి కాలవ మలుపు దాకా సాగనంపి, పట్నం వైపు మూతి చాపి దారి చెప్పాడు.

నీతి: ఒకరి ప్రాణం నిలబెట్టడానికి వంచిన మెడ, ఎవరికీ ఓడిన మెడ కాదు.